కీనాయ్ నదికి తీసుకెళ్లే .45-70 లీవర్ రైఫిల్ మీద ఏమేం ఉండాలి?

వేసవిలో సాల్మన్ చేపలకు అలాస్కాలోని కీనాయ్ నది వైపు వెళ్తుంటాను, ఎలుగుబంటి ఎదురైతే పనికొస్తుందని .45-70 అనే లావు తూటా వేసే మార్లిన్ రైఫిల్ (కింద ఉన్న లీవర్‌ను కిందికి తోసి మళ్లీ లాగితే తర్వాతి తూటా ఎక్కే రకం) కొన్నాను, స్కోపు (గురి చూసే దుర్బిణి), లైటు, లీవర్‌కు పెద్ద లూపు (వేళ్లు పెట్టే వలయం), ఇంకా ఏమేం బిగించాలి అని అడిగారు. నేను యాంకరేజ్‌లో 11 ఏళ్లుగా ఉంటున్నాను, అదే మార్లిన్ 1895ను 7 సీజన్లు కీనాయ్‌లో కలిసే రష్యన్ రివర్ గట్టున మోశాను. జంతువు మీద పేల్చే అవసరం ఇంతవరకు రాలేదు. నేను చెప్పేదంతా మోసి, రేంజ్‌లో కాల్చి తెలుసుకున్నదే.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు కాబట్టి ముందు ఇది చెప్పాలి. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. మనవాళ్లు చాలామందికి ఈ సంగతి తెలియదు, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఇక అసలు విషయం. అన్నిటికంటే ముందు కొనాల్సింది మంచి భుజం పట్టీ. రెండో ఏడాది జూన్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేపలు పడుతున్నాను, రైఫిల్ వెనక చెట్టుకు ఆనించి ఉంది. పొదల్లోంచి తల్లి ఎలుగు, రెండు పిల్లలు సరిగ్గా ఆ చెట్టు దగ్గరే బయటికి వచ్చాయి. నాకంటే నా తుపాకికి అదే దగ్గరగా ఉంది. గట్టున ఉన్నవాళ్లమంతా గట్టిగా మాట్లాడుకుంటూ, మెల్లగా నది దిగువకు జరిగాం, అది చేపల వ్యర్థాలు వాసన చూసి కాసేపటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి రైఫిల్ నా వీపు మీదే ఉంటుంది, బేర్ స్ప్రే (ఎలుగు ముఖం మీద కొట్టే కారం స్ప్రే) ఛాతీ మీద ఉంటుంది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, బ్రౌన్ బేర్ గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరిగెత్తగలదు, అంటే 30 మీటర్ల దూరం దానికి రెండు సెకన్ల పని. తుపాకి మీద బిగించే ప్రతి వస్తువునూ ఆ రెండు సెకన్లతోనే తూచాలి.

అలా తూస్తే స్కోపు అక్కర్లేదు. దగ్గరికి వచ్చిన జంతువు స్కోపులో ఒట్టి బొచ్చులా కనబడుతుంది. ఘోస్ట్ రింగ్ అంటారే, వెనక పెద్ద రంధ్రం ఉన్న పీప్ సైట్, ముందు తెల్ల గీత ఉన్న పోస్ట్, అది పెట్టించండి. మీది ఎస్‌బీఎల్ మోడల్ అయితే అలాంటి సైట్ కంపెనీ నుంచే వస్తుంది. ఆ స్క్రూలకు నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) తప్పకుండా రాయండి, ఎందుకంటే బరువైన తూటాలు ఓ 40 కాల్చేసరికి నా వెనక సైట్ వదులై పక్కకు జరిగింది, గురి ఎందుకు తప్పుతోందో తెలియక ఒక మధ్యాహ్నమంతా పోయింది. లైటు జూన్‌లో దాదాపు అవసరం రాదు, రాత్రి పదకొండుకు కూడా వెలుతురు ఉంటుంది. పెద్ద లూపు చేతి తొడుగులు వేసుకునేవాళ్లకు బాగుంటుంది, అంతే. బరువు మాత్రం పెంచకండి, బరువైన తుపాకిని మనిషి ఎక్కడో ఒకచోట ఆనించేస్తాడు.

తూటా గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, జీడితోటల్లో ఎలుగు తిరుగుతోందంటే చీకటి పడ్డాక ఎవరూ అటు వెళ్లేవాళ్లు కాదు. ఆ ఎలుగు మహా అయితే 150 కిలోలు ఉంటుంది, ఇక్కడి పెద్ద మగ బ్రౌన్ బేర్ 400 కిలోలు కూడా దాటుతుంది. ఎముక విరిచి లోపలికి దిగే తూటా కావాలి. జింకల కోసం చేసిన 300 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) హాలో పాయింట్, అంటే ముక్కులో గుంట ఉన్నది, తొందరగా విచ్చుకుంటుంది, దీనికి వద్దు. 405 నుంచి 430 గ్రెయిన్ల హార్డ్ కాస్ట్ (గట్టి సీసం మిశ్రమంతో పోత పోసినది), ముక్కు చదునుగా ఉన్నది తీసుకోండి. చదును ముక్కు ఎందుకంటే తూటాలు వరసగా ఉండే గొట్టం మ్యాగజైన్‌లో ఒక తూటా ముక్కు ముందున్న దాని ప్రైమర్‌ను (దెబ్బ తగిలితే మండి తూటాను పేల్చే బిళ్ల) తాకుతూ ఉంటుంది, కొన గట్టిగా, మొనదేలి ఉంటే, కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నే తన్నుకు లోపలే పేలే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, .45-70 అనేది 1873లో అమెరికా సైన్యం కోసం వచ్చిన తూటా, ఆ కాలపు ట్రాప్‌డోర్ తుపాకులు (వెనక మూత తెరిచి తూటా వేసే, అంత బలం లేని పాతవి) ఇంకా జనం దగ్గర ఉన్నాయి కాబట్టి మామూలు ఫ్యాక్టరీ తూటాలను తక్కువ ఒత్తిడితోనే చేస్తారు. మీ మార్లిన్‌కు సరిపోతుందని పెట్టె మీద రాసి ఉన్న బలమైన రకం చూసి కొనండి, దాన్ని పాత ట్రాప్‌డోర్‌లో మాత్రం వేయకూడదు. ఏ తూటా మోస్తారో దానితోనే 25, 50 గజాల్లో గురి సరిచూసుకోండి, తేలిక తూటా ఒకచోట తగిలితే ఇది ఇంకోచోట తగులుతుంది.

తన్ను గట్టిగానే ఉంటుంది, మెత్తటి రికాయిల్ ప్యాడ్ వేయించుకోండి. నేను సాధన అంతా తేలిక తూటాలతో చేసి చివర్లో నాలుగు బరువైనవి కాలుస్తాను. 15 గజాల్లో పేపర్ ప్లేటు, పట్టీ భుజం మీద నుంచి మొదలుపెట్టి మూడు గుళ్లు. రైఫిల్‌ను భుజం మీద నుంచి దించకుండా, లీవర్‌ను చివరిదాకా, గట్టిగా కొట్టాలి. మొదటి ఏడాది కంగారులో సగమే తోశాను, ఖాళీ కేసు బయటపడింది కానీ కొత్త తూటా పైకి రాలేదు, ట్రిగ్గర్ నొక్కితే టక్ అని ఊరుకుంది. రేంజ్‌లో కాబట్టి సరిపోయింది. గట్టున జనం భుజాలు రాసుకుంటూ నిలబడతారు కాబట్టి నేను మ్యాగజైన్ నింపి ఛాంబర్ (పేలే తూటా ఉండే చోటు) ఖాళీగా ఉంచుతాను, ఆ లీవర్ దెబ్బ చేతికి అలవాటైపోయింది. ఒంటరిగా దట్టమైన పొదల్లో నడిచేవాళ్లు వేరేలా చేస్తారు, వాళ్లను తప్పు పట్టను.

పేల్చాల్సి వస్తే అలాస్కాలో ప్రాణరక్షణ కోసం చంపినా ఎలుగు మీది కాదు. గోళ్లతో సహా చర్మం ఒలిచి, పుర్రెతో కలిపి రాష్ట్రానికి అప్పగించాలి, వెంటనే తెలియజేసి 15 రోజుల్లో రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వాలి. అందుకని నా బ్యాగులో ఒక పదునైన చాకు కూడా ఉంటుంది, చేప శుభ్రం చేసినప్పుడు దానితోనే మిగిలిన ముల్లును చిన్న ముక్కలు చేసి వేగంగా పారే నీళ్లలో వేస్తాను, గట్టు మీద వదలను.