జూపిటర్‌హబ్‌లో డ్యాష్ యాప్ ‘లోడింగ్’ దగ్గరే ఆగిపోతే
తమ్ముడూ, తిరుపతి ల్యాబ్ సర్వర్‌లో జూపిటర్‌హబ్‌కి (అందరూ బ్రౌజర్‌లోంచి లాగిన్ అయి కోడ్ నడుపుకునే చోటు) లాగిన్ బాగానే అవుతోంది, ప్రాక్సీ/8050 లింకు తెరిస్తే మాత్రం డ్యాష్ యాప్ (పైథాన్‌తో చేసిన వెబ్ యాప్) ‘లోడింగ్’ దగ్గరే ఆగిపోతోంది అన్నావు కదా. లాగిన్ తప్పేం లేదు. హబ్‌కీ నీ యాప్‌కీ మధ్య ఉండే జూపిటర్ సర్వర్ ప్రాక్సీ, రిక్వెస్టును యాప్‌కి పంపేముందు అడ్రస్‌లో ‘ప్రాక్సీ/8050’ దాకా ఉన్న ముందు భాగాన్ని కోసేస్తుంది. యాప్‌కి అది తెలీక మిగతా ఫైళ్లను సర్వర్ మూల అడ్రస్‌లో అడుగుతుంది. అక్కడుండేది హబ్, నీ యాప్ కాదు.

డ్యాష్ సెట్టింగుల్లో రిక్వెస్ట్స్ పాత్‌నేమ్ ప్రిఫిక్స్‌కి (బ్రౌజర్ ఫైళ్లు అడిగే అడ్రస్ ముందు భాగం) జూపిటర్‌హబ్ సర్వీస్ ప్రిఫిక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ (హబ్‌లో నీ సర్వర్ అడ్రస్), దాని వెనక ‘ప్రాక్సీ/8050/’ కలిపి ఇవ్వు. రూట్స్ పాత్‌నేమ్ ప్రిఫిక్స్ (యాప్ తన లోపల గుర్తుపట్టే అడ్రస్ ముందు భాగం) ‘/’గానే ఉండనీ. యూఆర్‌ఎల్ బేస్ పాత్‌నేమ్ జోలికి మాత్రం పోవద్దు, అది పై రెండింటినీ మార్చేసి 404 (పేజీ దొరకలేదనే ఎర్రర్) చూపిస్తుంది (చిత్తూరులో నేను ఓ పూటంతా దాంతోనే తల పట్టుకున్నాను).

ఇంకోటి, యాప్‌ని 0.0.0.0 (బయటి మెషీన్లకీ తెరిచే అడ్రస్) మీద నడపకు, 127.0.0.1 (ఆ సర్వర్‌కి మాత్రమే అందేది) చాలు. లేకపోతే నెట్‌వర్క్‌లో ఎవరైనా లాగిన్ లేకుండానే తెరవొచ్చు. 8050 పోర్టుని పక్కవాళ్లు ముందే వాడుతుంటే వేరే పోర్టు తీసుకో, ప్రిఫిక్స్‌లోనూ మార్చు.