సంఘం భవిష్యత్తు గురించి అందరికీ ఒకే దర్శనం ఎలా కుదురుతుంది?

వందనాలు బ్రదర్. బెంగళూరులో మీ తెలుగు సంఘంలో 60 కుటుంబాలున్నాయని, వచ్చే ఐదేళ్లకి 'విజన్' రాయమని పాస్టర్ గారు కమిటీకి అప్పజెప్పారని రాశారు. కొందరు సొంత మందిరం అంటున్నారు, కొందరు ఇంగ్లీషు ఆరాధన అంటున్నారు, ఓటింగ్ పెట్టేస్తే గొడవ వదులుతుందా అని మీ ప్రశ్న.

వదలదు. మేం పెట్టి చూశాం.

కె.ఆర్. పురం వైపు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునే సంఘం మాది. ఆరేళ్లు కమిటీ సెక్రటరీగా చేశాను. మాలో సగం మంది ఐటీ వాళ్లే. విజన్ అనగానే ప్రొజెక్టర్ వచ్చింది, రంగురంగుల స్టిక్కీ నోట్లు వచ్చాయి. ఒక శనివారం మధ్యాహ్నం బిర్యానీ చల్లారేలోపే నాలుగు లైన్లు రెడీ. చేతులెత్తించాం, 31కి 19. ఫ్లెక్స్ కొట్టించాం. ఆ 19 మందీ నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ కానుకల కవర్లు మాత్రం పలచబడ్డాయి. ఫ్లెక్స్ ఇప్పటికీ ఉంది. వారమంతా దుమ్ము పడకుండా కీబోర్డు మీద కప్పుతున్నాం.

విజన్ అనగానే అందరూ సామెతలు 29:18 ఎత్తుతారు. పాత ఇంగ్లీషు బైబిల్లో అక్కడ 'విజన్' అనే ఉంది కాబట్టి, ప్లాన్ లేని సంఘం నశిస్తుందని ప్రసంగాలు చేసేస్తుంటారు. మన తెలుగు బైబిల్ తీయండి: "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు." హీబ్రూలో ఉన్న మాట హాజోన్. ప్రవక్తలకు కలిగిన దర్శనాన్ని అలా అంటారు. అది కూర్చుని తయారు చేసేది కాదు, వినాల్సింది. మాకు ఈ సంగతి ఎత్తి చూపింది రిటైరైన ఒక తెలుగు టీచరమ్మ. ఫ్లెక్స్ కొట్టించాక చెప్పారు, అదొక్కటే బాధ.

రెండోసారి వినడంతోనే మొదలుపెట్టాం. ఇద్దరిద్దరం, ఒక పాతవారూ ఒక కొత్తవారూ, ఇళ్లకు వెళ్లాం. "సంఘం ఎలా ఉండాలనుకుంటున్నారు?" అని మాత్రం అడగలేదు. అలా అడిగితే ఏసీ దగ్గర్నుంచి పార్కింగ్ దాకా కోరికల చిట్టా చేతికొస్తుంది. మూడే అడిగాం. ఈ సంఘంలో మీరు దేవునికి దగ్గరైన రోజు ఏది? రేపు ఈ సంఘం మూతపడితే మీకు లోటేమిటి? రావాలని ఉండి రాలేకపోతున్నవాళ్లు మీకు తెలుసా?

ఆ మూడో ప్రశ్న పట్టుకునే ఒక అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ చేసే అక్క దగ్గరికి వెళ్లాం. అనంతపురం వైపు మనిషి. "ఆదివారం పొద్దున సెలవెవరిస్తారయ్యా? వాళ్లంతా ఇంట్లో ఉండేది ఆ రోజే కదా, పని రెండింతలు" అంది. పంపు రూములో ఫినాయిల్ డబ్బాల పక్కన, కూరగాయల కవర్లో చుట్టిపెట్టిన బైబిల్ తీసి చూపించింది. అక్కడే తెలుగువాళ్లు ఇంకో నలుగురున్నారట, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నతో కలిపి. ఆ అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తులో మా సంఘ కుటుంబం ఒకటుంది. అది మాదే. నాలుగేళ్లుగా ఆమె తుడిచిన మెట్ల మీదుగానే ఆదివారం గుడికి దిగి వెళ్తున్నాను.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో సణుగుడు పుట్టింది కూడా ఇలాంటి చోటే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచేది సరిగా అందడం లేదు. పంచేవాళ్ల కళ్లకు అది ఆనలేదంతే.

ఇక నిర్ణయం ఎలా అన్నది. మా ముందున్న పెద్ద తగాదా హొసకోటె రోడ్డులో సైటు కొనాలా వద్దా అని. దానికి ఒక పాత పద్ధతి పట్టుకున్నాం. 1539లో ఇగ్నేషియస్ లయోలా (క్యాథలిక్కుల్లో జెస్యూట్ సభను స్థాపించినాయన), ఆయన సహచరులు తామంతా ఒక సభగా ఏర్పడి ఒకరికి విధేయులుగా ఉండాలా అని రోమ్‌లో నెలల తరబడి ఆలోచించారు. ఒక రోజు అందరూ వద్దనడానికి కారణాలే చెప్పాలి, మరో రోజు అందరూ కావాలనడానికి కారణాలే చెప్పాలి. ఎవరికి వాళ్లు ముందు ఒంటరిగా ప్రార్థించుకుని రావాలి. క్యాథలిక్కుల పద్ధతి మనకెందుకని ఒక పెద్దాయన గొణిగారు గానీ, కూర్చున్నారు.

మొదటి శుక్రవారం వద్దనే కారణాలు. సైటు కోసం అందరికంటే ఎక్కువ పట్టుపట్టిన ట్రెజరర్ గారు లేచి, గొంతు సవరించుకుని, "ఈఎంఐ మొదలైతే పదేళ్లు మనం ఎవరింటికీ బియ్యం బస్తా కూడా పంపలేం" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. తర్వాతి శుక్రవారం కావాలనే కారణాలు. వద్దన్న యౌవనస్తులే, "స్కూలువాళ్లు ఏ నెలైనా ఖాళీ చేయమనొచ్చు, పెళ్లికో సమాధి కూడికకో మనకంటూ చోటు లేదు" అన్నారు. నిబంధన ఒకటే: "ప్రభువు నాకు చూపించారు" అని ఎవరూ అనకూడదు. ఆ మాట వచ్చాక ఎదురు చెప్పేదెవరు? అపొస్తలుల కార్యములు 15లో, యెరూషలేము సభలో కూడా ముందు "బహు తర్కము" జరిగింది, తర్వాత సమూహమంతా ఊరకుంది, ఆ తర్వాతే "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు.

మాకు తోచింది ఇది: సైటు ఇప్పుడు వద్దు, ఆదివారం రాత్రి ఏడున్నరకి రెండో ఆరాధన పెడదాం, ఏడాది తర్వాత మళ్లీ చూద్దాం. అందరూ సంతోషించారని అనను. రెండు కుటుంబాలు ఇంగ్లీషు చర్చికి వెళ్లిపోయాయి. రాత్రి ఆరాధనకు ఒక్కోసారి 25 మంది, ఒక్కోసారి తొమ్మిది మంది.

అన్నట్టు, మీది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే మందిరం మాట ఎత్తకముందే డయాసిస్‌తో, అంటే బిషప్ గారి ఆఫీసుతో మాట్లాడండి. అక్కడ ఆస్తులు సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి, లోకల్ కమిటీ తీర్మానంతో అయ్యే పని కాదు.

మా సైటు డబ్బు ఇంకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంది. జనవరిలో మళ్లీ కూర్చుంటాం. ఈసారి ఆ అక్క కూడా కమిటీలో ఉంది. మీటింగ్ ఆదివారం పొద్దున మాత్రం పెట్టొద్దని ఇప్పుడే చెప్పి పెట్టింది.