మూడుసార్లు గాస్కెట్ మార్చినా లీకే: మెకానిక్‌ను నష్టపరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి 45 ఏళ్ల నాటి కారుకు ఎగ్జాస్ట్ హెడర్ గాస్కెట్ (ఇంజిన్‌కూ పొగ గొట్టాలకూ మధ్య సీలుగా వేసే పలుచని పొర) లీకవుతోంది. నాలుగు నెలల్లో ఒకే మెకానిక్ మూడుసార్లు గాస్కెట్ మార్చాడు. వారం తిరక్కుండానే టిక్ టిక్ శబ్దం మళ్లీ వస్తోంది. మూడోసారి బోల్టు ఒకటి ఇంజిన్ హెడ్‌లోనే విరిగింది. దాన్ని తీయడానికి అదనంగా డబ్బు అడుగుతూ, ఇచ్చేదాకా కారు వదలనంటున్నాడు. బిల్లు మీద 'పాత బండికి గ్యారంటీ లేదు' అని ఉంది. నాకు దారి ఏమిటి?

జవాబు: మీరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. డబ్బు తీసుకుని చేసిన రిపేరు, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవ కిందికే వస్తుంది. కారును లాభం కోసం షూటింగ్‌లకు అద్దెకిస్తుంటే మాత్రం మీరు వినియోగదారుడే కాదని అవతలివారు వాదిస్తారు. అలాంటిదేమైనా ఉంటే మీ వకీలుకు ముందే చెప్పండి.

మళ్లీ లీకైందన్నంత మాత్రాన సేవాలోపం రుజువు కాదు. ఎందుకు లీకైందో మీరు చూపించాలి. ఏళ్ల తరబడి వేడికి హెడర్ ఫ్లాంజ్ (ఇంజిన్‌కు బోల్టులతో బిగించే అంచు పలక) వంకర పోతుంది. ఆ వంకర సరిచేయకుండా ఎన్ని కొత్త గాస్కెట్లు వేసినా లాభం లేదు. మొదటిసారి గమనించలేదంటే సరే అనుకుందాం. రెండోసారి విప్పినప్పుడైనా స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని లోహపు బద్ద) పెట్టి, ఫీలర్ గేజ్ అనే సన్నని కొలత రేకులతో సందు కొలిచి చూడాలి కదా! పైగా చాలా రకాల గాస్కెట్లు ఇంజిన్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక కాస్త అణుగుతాయి. అప్పుడు బోల్టులు మళ్లీ బిగించాలి. అందుకోసం బండి తీసుకురమ్మని ఆయన మీకు చెప్పాడా? చెప్పకపోతే ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

తీసేసిన పాత గాస్కెట్లు అడిగి తీసుకోండి, పారేయనివ్వకండి. పొగ తప్పించుకున్న చోట నల్లటి మసి చార ఉంటుంది. మూడింటి మీదా అదే చోట మసి ఉంటే అంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు. ఉదయం చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసి వీడియో తీయండి, ఎందుకంటే వేడెక్కితే లోహం వ్యాకోచించి శబ్దం తగ్గిపోతుంది. వేరేచోట బాగుచేయించే ముందు ఈ మెకానిక్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అర్హత ఉన్న ఆటోమొబైల్ ఇంజినీరుతో ఫ్లాంజ్‌ను కొలిపించి, సంతకంతో రిపోర్టు తీసుకోండి. ముందే బాగుచేయించేస్తే కమిషన్‌కు చూపడానికి ఏమీ మిగలదు.

విరిగిన బోల్టు విషయంలో మీరు కొంచెం ఓపిక పట్టాలి. దశాబ్దాల వేడికి తుప్పుపట్టి పట్టేసిన బోల్టు, ఎంత జాగ్రత్తగా తిప్పినా విరగవచ్చు. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 151 ప్రకారం, సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, మీ వస్తువును అంత జాగ్రత్తగా చూసుకోవడం అతని బాధ్యత. ఆ జాగ్రత్త తీసుకున్నట్టు తేలితే బోల్టు ఖర్చు మీ మీదే పడవచ్చు. విరిగే ప్రమాదం ఉందని ముందే చెప్పకుండా బలవంతంగా తిప్పాడని తేలితే అతను తప్పించుకోలేడు. బిల్లు మీది ఆ ఒక్క వాక్యం నిర్లక్ష్యానికి రక్షణ కాదు.

ఇక కారు. అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 కింద, ఒప్పుకున్న పని పూర్తి చేసి ఉంటే, ఆ పని కూలి అందేదాకా బండిని ఉంచుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. మీరు ఒప్పుకోని కొత్త పనికి డబ్బివ్వలేదని ఆపే హక్కు లేదు. పాత బాకీ ఉంటే 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి చెల్లించి, రసీదు తీసుకుని బండి విడిపించుకోండి. గొడవకు దిగి తాళాలు లాక్కోకండి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి.

బండి చేతికొచ్చాక లీకు ఆగేదాకా ఇంట్లోవాళ్లను అందులో ఎక్కించకండి. ఆ లీకులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు. పాత కార్లలో ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య సందుల్లోంచి లోపలికి వస్తుంది.