బ్రదర్‌గా వెళ్తానంటే నాన్న మాట్లాడటం మానేశారు

తమ్ముడూ, పాలకొండ దగ్గర ఊరు, 23 ఏళ్లు, డిగ్రీ అయింది, కతోలిక చర్చిలో పెళ్లి చేసుకోకుండా సేవ చేసే బ్రదర్స్ సభలో చేరాలనుంది, ఒక్కడే కొడుకువని నాన్న మాట్లాడటం మానేశారు, అమ్మ కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది, బండి లోను ఇంకా నీ పేరు మీదే ఉంది. ఇవన్నీ రాసి చివర్లో చెప్పకుండా వెళ్లిపోనా అని అడిగావు. వద్దు.

ముందు లోను సంగతి చూడు. అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నవాళ్లని చేర్చుకోవద్దని చర్చి చట్టంలోనే ఉంది, కాబట్టి బండి అమ్ముతావో ఎక్కడైనా పనిచేసి కడతావో కానీ అది తేల్చాకే కదులు. ఇంకోటి, సంక్రాంతికి ఖాయం అనుకున్న సంబంధం తప్పిపోయిందని ఒక్క లైన్లో రాసి దాటేశావు. అసలు నాకు అక్కడే అనుమానం. ఈ కోరిక అంతకుముందు నుంచీ ఉందా, ఆ తర్వాత పుట్టిందా? తర్వాతే అయితే తప్పేం లేదు గానీ, ఆ బాధ కాస్త తగ్గాక కూడా ఉంటుందో లేదో చూడు, లోను కట్టే టైము ఎలాగూ ఉంది కదా.

నాన్న భయం ఏటంటే, రేపు వెళ్తే ఎల్లుండి నుంచి కొడుకు లేనట్టే అని. అలా ఉండదు. మొదట కొన్నాళ్లు వాళ్లతో ఉండి చూడటం, తర్వాత నోవిషియేట్, అంటే వ్రతాలకి ముందు శిక్షణ కాలం, అది కనీసం 12 నెలలు, మధ్యలో ఎప్పుడైనా ఇంటికొచ్చేయొచ్చు, నువ్వు పనికిరావనిపిస్తే వాళ్లే పంపేస్తారు కూడా. ఆ తర్వాత తాత్కాలిక వ్రతాలు, అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత పాటిస్తానని కొంతకాలానికి మాటివ్వడం, మామూలుగా 3 నుంచి 6 ఏళ్లు, గడువయ్యాక వద్దనుకుంటే ఆపేవాళ్లుండరు. శాశ్వత వ్రతాలు ఇవన్నీ అయ్యాకే. ఇదంతా అమ్మ ఏడుస్తున్నప్పుడు కాకుండా పొలానికెళ్లినప్పుడు నాన్నకి ఒక్కరికీ చెప్పు.

ఫాదర్ అయితే పూజైనా చేస్తావు, బ్రదర్ అయితే ఏటి లాభం అందట అమ్మ. నిజమే, బ్రదర్ పూజ చెయ్యడు, పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినడు. స్కూల్లో పాఠం చెప్తాడు, హాస్టల్ చూసుకుంటాడు, సభని బట్టి పని మారుతుంది. గాబ్రియేల్ బ్రదర్స్ అనే సభకైతే స్కూళ్లే ముఖ్యం. అలాగని టీచర్ ఉద్యోగం అనుకోకు, పేదరికం వ్రతం కాబట్టి జీతం సభకే పోతుంది. చెల్లి పెళ్లికి నెలనెలా పంపుతానని మాత్రం నాన్నకి మాటివ్వకు, నిలబెట్టుకోలేవు. ఆ పెళ్లి ఖర్చు ఎలాగన్నది ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

మీ విచారణ గురువుని, అంటే మీ చర్చి ఫాదర్‌ని కలువు, జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు ఎలాగూ అడుగుతారు. ఆయన్నడిగి ఒకసారి బ్రదర్స్ ఉండే చోటు చూసిరా. వీలైతే నాన్నని కూడా తీసుకెళ్లు, అడగాల్సినవి ఆయనే అడుగుతారు.