మనుషులు పోయాక ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

"మనుషులంతా పోయినా ఆటోమేటిక్ ఇళ్లు, యంత్రాలు వందల ఏళ్లు వాటంతటవే నడుస్తుంటాయని సైన్స్ ఫిక్షన్‌లో చూపిస్తారు కదా, నిజంగా అది అయ్యే పనేనా?" అని అడిగారు. కాదు. వందల ఏళ్ల సంగతి అటుంచి, మన తర్వాత ఇల్లు మొదటి ఏడాది గట్టెక్కడమే కష్టం. ఇళ్లలో లైట్లు, కర్టెన్లు, పంపులకు ఆటోమేషన్ పెట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఈ ప్రస్తావన వస్తే చాలు, అందరూ రే బ్రాడ్‌బరీ కథ ఎత్తుతారు. 1950లో వచ్చిన 'దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్'. అణుబాంబు పడి ఊరంతా నాశనమైపోయాక ఒకే ఒక్క ఇల్లు మిగిలి, లేని మనుషులకు గుడ్లు వేయిస్తూ, టైమ్ చెబుతూ, గదులు ఊడుస్తూ ఉంటుంది. యంత్రం మనకంటే ఎక్కువ బతుకుతుందనడానికి దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. కథ చివరిదాకా చదివితే అలా అనలేరు. ఆ రాత్రి పది గంటలకు చెట్టు కొమ్మ విరిగి వంటగది కిటికీ మీద పడుతుంది. సీసాలోని క్లీనింగ్ ద్రవం పొయ్యి మీద ఒలికి అంటుకుంటుంది. ఇల్లు మంటలార్పడానికి నానా తంటాలు పడుతుంది, కానీ మధ్యలోనే నీళ్లు అయిపోతాయి. ఎవరూ చేయని స్నానాలకు రోజూ తొట్టి నింపుతూ, గిన్నెలు కడుగుతూ ఆ నిల్వ అంతా ముందే వాడేసింది. తెల్లారేసరికి ఒక్క గోడ మిగులుతుంది. ఆ నీళ్ల వివరం దగ్గరే బ్రాడ్‌బరీకి నేను దండం పెడతాను. అడిగేవాళ్లు లేకపోయినా పని ఆపలేకపోవడమే ఆ ఇంటి కొంప ముంచింది.

నిజంగా అలాంటి ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను. ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన ఇంట్లో ప్రతిదీ ఆటోమేటిక్ చేయించుకున్నారు. ఆయన పోయాక ఇల్లు తాళం పడింది. కరెంటు, నెట్ బిల్లులు మాత్రం బ్యాంకు ఖాతా నుంచి వాటంతటవే వెళ్లిపోయేవి. ఏడాది దాటాక ఆయన అక్కగారు తలుపులు తీయిస్తూ నన్ను పిలిపించారు. మిట్టమధ్యాహ్నం హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. గోడ మీది ప్యానెల్‌లో తేదీ 1970 జనవరి అని ఉంది. ఎప్పుడో కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది, దాంతో గడియారం మొదటికి వచ్చేసింది (చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచే లెక్కపెడతాయి). రౌటర్ హ్యాంగై ఉండడంతో నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకోలేకపోయింది. దాని లెక్కలో అది రాత్రి. కర్టెన్ ఒక పక్క హుక్కులు ఊడిపోయి మూలకు ముద్దగా ఇరుక్కుంది. మోటారు మాత్రం టైమ్ అయినప్పుడల్లా లాగుతూనే ఉంది. కింద నేల మీద, బెల్టు అరిగి రాలిన నల్లటి రబ్బరు పొడి గీత గీసినట్టు పడి ఉంది. రిలే పెట్టె, అంటే లైట్లు, మోటార్లకు కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్‌ల పెట్టె విప్పితే కాంటాక్టుల మధ్య చచ్చిన చీమలు.

ఆవిడ ఆ కర్టెన్ కేసి కాసేపు చూసి, "ఆపెయ్ బాబూ, వాడే లేనప్పుడు దీనికెందుకీ అవస్థ" అన్నారు.

"మెయిన్ ఆపేస్తే ఆగిపోతుందమ్మా. ఇల్లు మళ్లీ వాడుకోవాలంటే మాత్రం తమ్ముడిగారి ఖాతా తెరవాలి" అన్నాను.

అక్కడ మొదలైంది అసలు టెన్షన్. ఓటీపీ ఆయన ఫోన్ నంబర్‌కి వెళ్తుంది. ఆ నంబర్ ఎప్పుడో రద్దయింది. కంపెనీకి రాస్తే, ఖాతాదారుడే స్వయంగా అడగాలని జవాబు. మరణ ధ్రువపత్రం పంపినా అదే జవాబు. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి చేత, ఆయన లేడని అన్నిసార్లు రాయించడం ఏం పద్ధతి? తాళంచెవి ఇవ్వకుండా ఇల్లు అమ్మినట్టుంది ఈ వ్యాపారం. చివరికి పాత కంట్రోలర్ పీకేసి కొత్తది వేశాం.

ఒక్క మనిషి లేకపోతేనే ఇంత. అందరూ పోతే కరెంటే ఉండదు. ఊళ్లన్నిటికీ కరెంటు తెచ్చే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర, కొన్ని దేశాల్లో 60 దగ్గర నిలబడాలంటే, వాడకానికీ ఉత్పత్తికీ క్షణక్షణం పొంతన కుదరాలి. చూసేవాళ్లు లేక ఒక ప్లాంటు ట్రిప్పయితే ఆ భారం మిగతావాటి మీద పడి అవీ పడిపోతాయి. సోలార్ ఉందిగా అంటారు. గ్రిడ్‌కి కలిపిన మామూలు ఇన్వర్టర్, గ్రిడ్ పోగానే తనూ ఆగిపోయేలా తయారుచేస్తారు, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా. వందేళ్ల తర్వాతి పాడుబడిన నగరంలో నియాన్ బోర్డు మిణుకుమిణుకుమంటూ కనిపించే సినిమా సీను వస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కరెంటు ఉందనుకున్నా, నెట్ మీద ఆధారపడ్డ పరికరాన్ని సర్టిఫికెట్ల గడువు చంపేస్తుంది. సర్టిఫికెట్ అంటే అవతలి సర్వర్ అసలైనదేనని పరికరానికి రుజువు చేసే డిజిటల్ పత్రం. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువును 2020 సెప్టెంబరులో 398 రోజులు చేశారు. దాన్ని అంచెలంచెలుగా 2029 మార్చికల్లా 47 రోజులకు దించాలని నిర్ణయించారు. 2021 సెప్టెంబరు 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది) గడువు తీరితే, ఏ లోపమూ లేని పాత పరికరాలు ఎన్నో సర్వర్లతో మాట్లాడలేకపోయాయి. చూసుకునేవాళ్లు లేకపోతే యంత్రం ఆగిపోతుందన్న సంగతిని ఇంగ్లిష్ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లోనే 'ది మెషీన్ స్టాప్స్' కథలో పట్టుకున్నాడు. అందులో మరమ్మతులు చేసే యంత్రానికే మరమ్మతు అవసరమవుతుంది.

మరి దశాబ్దాలుగా అంతరిక్షంలో పనిచేస్తున్న వాయేజర్ నౌక సంగతేమిటని ఎవరో ఒకరు అంటారు. 1977లో వెళ్లిన వాయేజర్ 1, 2023 నవంబరులో అర్థంకాని డేటా పంపడం మొదలుపెట్టింది. మెమరీ చిప్ ఒకటి పాడైందని కనిపెట్టి, అందులోని కోడ్‌ను వేరే చోటికి మార్చి, 2024 ఏప్రిల్‌లో దారికి తెచ్చింది భూమ్మీది ఇంజినీర్లే. మనం లేకపోయినా నిలిచే వస్తువు చెప్పమంటే నేను లేజియోస్ అనే ఉపగ్రహం పేరు చెబుతాను. 1976లో పంపిన 60 సెంటీమీటర్ల లోహపు బంతి, ఒంటినిండా 426 రిఫ్లెక్టర్లు. బ్యాటరీ లేదు, ఎలక్ట్రానిక్స్ లేవు, కదిలే భాగం ఒక్కటీ లేదు. మనం లేజర్ వేస్తే వెలుగు తిప్పి పంపుతుంది, అంతే. అది 80 లక్షల ఏళ్లకు పైగా కక్ష్యలో ఉంటుందని అంచనా.

ఇంట్లో ఆటోమేషన్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు ఒక పని చేయండి. డబ్బు మొత్తం కట్టేలోపు నెట్ తీసేసి ఒక రోజు ఇంట్లో ఉండి చూడండి. ఏది ఆగిపోతే దానికి గోడ మీద మామూలు స్విచ్ అడిగి పెట్టించుకోండి. ఖాతాలో ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబర్ కూడా అప్పుడే చేర్పించండి. కుదరదని కంపెనీ అంటే ఆ కంపెనీది కొనకండి.