రిటర్న్స్ లేని రైతు ఇంటి పిల్లకి అమెరికా సమ్మర్ ప్రోగ్రాం ఎయిడ్ వస్తదా?

మహారాష్ట్రల సిరొంచ దగ్గర మిర్చి పండించే ఇల్లు, చెల్లె పదకొండో తరగతి, అమెరికాల సమ్మర్ ప్రోగ్రాంకి అప్లై చేస్తానంటుంది, ఫీజు చూస్తే భయమైతుంది, నాన్నకి ఐటీ రిటర్న్స్ లేవు, అసలు ఎయిడ్, అంటే ఫీజు సాయం, ఇస్తరా అని అడిగినవ్ కదా తమ్ముడూ. ఇస్తరు. మా అక్క బిడ్డకి వచ్చింది, వాళ్ళది అంకీస దిక్కు, మీలాంటి ఇల్లే, కాగితాలన్నీ నేనే దగ్గరుండి చూసిన.

మనకి స్కాలర్‌షిప్ అంటే మార్కులో కులం సర్టిఫికెటో. అక్కడ నీడ్ బేస్డ్ అంటే పిల్ల పెట్టిన అప్లికేషన్ చూసి సీటిస్తరు, ఇంటి పరిస్థితి చూసి ఫీజు తగ్గిస్తరు, రెండూ వేరువేరు. యేల్ యూనివర్సిటీ వాళ్ళ సమ్మర్ ప్రోగ్రాం యేల్ యంగ్ గ్లోబల్ స్కాలర్స్ రెండు వారాలకే 6,000 డాలర్ల పైన ఉంటది, కానీ అవసరాన్ని బట్టి మొత్తం ఫీజు దాకా మాఫీ చేస్తరు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లయితే మ్యాథ్‌క్యాంప్ అనే ప్రోగ్రాం చూడు, ఐదు వారాలు, సీటిచ్చేటప్పుడు డబ్బుల సంగతి చూడరు. ఎయిడ్ ఫారం మాత్రం అప్లికేషన్‌తోనే పెట్టాలె, సీటొచ్చినంక అడుగుదాంలే అనుకుంటే చాలా చోట్ల అప్పటికే పంచేస్తరు.

ఇగ అసలు కష్టం ఆదాయం చూపించుడు. సేద్యం మీద ఇన్‌కం ట్యాక్సే లేదు కాబట్టి రిటర్న్స్ లేకపోవుడు తప్పేం కాదు, ఆ మాటే సూటిగా రాయాలె. సేతు కేంద్రంల, అంటే సర్కారు సర్టిఫికెట్లిచ్చే సెంటర్ల, ఉత్పన్న దాఖలా (ఆదాయ సర్టిఫికెట్) తీసుకో, అది మరాఠీల వస్తది, ఇంగ్లీష్ చేయించి నోటరీ కొట్టించు, సాత్ బారా (భూమి రికార్డు కాగితం), బ్యాంక్ పాస్‌బుక్ జతచెయ్. ఇవి పెట్టినా చాలదు. మిర్చి అమ్మినప్పుడు వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఇచ్చే తక్‌పట్టి (అమ్మకం చీటీ) ఉంటది కదా, దాంట్ల పెద్ద నంబరే కనబడతది, ఎక్కడో కూసోని చూసేటోళ్ళు అదే ఆదాయం అనుకుంటరు. అందుకే మేం ఒక పేజీ లెటర్ పెట్టినం. విత్తనం, మందులు, మిర్చి ఏరిన కూలీ, బస్తాలు, బండి కిరాయి, అడ్తి కమిషన్, షావుకారు మిత్తి, అక్క ఒక్కొక్కటి యాది చేసుకుంట చెప్తుంటే పిల్ల నోట్‌బుక్‌ల రాసుకున్నది, కింద గీత గీసి మిగిలింది తీసింది, అదే డాలర్లల ఫారంల వేసినం. 2022 జులై గోదావరి వరదల చేను మునిగిందని అధికారులు చూసి రాసిచ్చిన పంచనామా కాగితం కూడా పెట్టినం. ఏడుపు రాతలు వద్దు, లెక్క చాలు. సాత్ బారా ఇంకా తాత పేరు మీదనే ఉంటే, అది ఎంతమంది వాటాదారులదో, మీ భాగమెంతో అదే లెటర్ల చెప్పు, లేకుంటే భూమంతా మీదే అనుకుంటరు.

ఫీజు మాఫీ అయినా టికెట్, వీసా, పాస్‌పోర్ట్ మనమే చూసుకోవాలె. వీసా ఫీజు 2023ల 185 డాలర్లు చేసిన్రు, వీసా రాకపోయినా తిరిగి రాదు, పైన ముంబై పోయొచ్చే ఖర్చు వేరే. టికెట్‌కి ఏమన్నా సాయం ఉంటదా అని ప్రోగ్రాం వాళ్ళకి ముందే మెయిల్ పెట్టమను, చెల్లెతోనే రాయించు, నువ్వు రాయకు. వీసా ఇంటర్వ్యూకి ప్రోగ్రాం వాళ్ళు ఫీజు మాఫీ అని ఇచ్చిన ఎయిడ్ లెటర్ తప్పకుండ పట్టుకపోవాలె, ఖర్చు ఎవరు పెడుతున్నరని వీసా ఆఫీసర్లు అడుగుతరు. కేంద్ర సర్కారు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కోసం ఆగకు, అది మాస్టర్స్, పీహెచ్‌డీలకే.

ఇంకోటి, ఎయిడ్ ఇప్పిస్తం అని ఒక కన్సల్టెన్సీ మమ్మల్ని కూడా పైసలడిగింది, ఇయ్యలే. ఎయిడ్ ఫారంకి పైసా కట్టేది లేదు, అప్లికేషన్ ఫీజుకి కూడా మాఫీ అడగొచ్చు. లెటర్ రాసినంక అకౌంట్ నంబర్లు, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు తమ్ముడూ, చూసి చెప్త.