పేరు కోసేటప్పుడు అక్షరం తెగకూడదు

తమ్ముడూ,

నువ్వు పంపిన కోడ్ చదివాను. శుభ్రంగా రాశావు. పేరు పొడవైతే ఎనిమిదో క్యారెక్టర్ దగ్గర కోసేసి చుక్కలు పెడుతున్నావే, ఆ ఒక్క లైను గురించే ఈ ఉత్తరం.

రాజ్యలక్ష్మి అని ఇచ్చి చూడు. చదివేవాళ్లకు అది నాలుగక్షరాలు. పైథాన్ 3లో పొడవు చెప్పే లెన్ ఫంక్షన్ మాత్రం 12 అంటుంది. అది లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్ పాయింట్లను, అంటే ఒక్కో గుర్తుకు యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన సంఖ్యలను: ర, దీర్ఘం, జ, పొల్లు, య, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 36. మూడు లెక్కలూ సరైనవే. ఫైలు సైజుకు బైట్లు చూడు, తెర మీద కోయడానికి అక్షరాలు చూడు. నీ లైను కోశాక మిగిలేది 'రాజ్యలక్'. తన పేరు అలా కనిపిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

మనం అక్షరం అనేదానికి దగ్గరగా యూనికోడ్‌లో గ్రాఫీమ్ క్లస్టర్ ఉంది. దాని ప్రకారం విడగొట్టే లైబ్రరీ వాడు, కానీ వెర్షన్ చూసుకో. తెలుగు వత్తులను హల్లు నుంచి విడదీయకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తోనే వచ్చింది. పాత లైబ్రరీలు 'జ్య'ను ఇప్పటికీ రెండు ముక్కలు చేస్తాయి.

వెతుకులాటలో ఇంకో చిక్కుంది. హైదరాబాద్‌లోని ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వం, కింది గుర్తు కలిపి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు, పోల్చి చూస్తే ప్రోగ్రామ్ రెండూ వేరంటుంది. అందుకే లోపలికి వచ్చిన ప్రతి స్ట్రింగ్‌నూ ఎన్ఎఫ్‌సీకి, అంటే ఇలాంటి రెండు రాతలను ఒకే తీరుకు తెచ్చే యూనికోడ్ రూపానికి మార్చు. 'సాఫ్ట్‌వేర్'లో ట్, వే కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తు మాత్రం ఎన్ఎఫ్‌సీతో పోదు. పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టు, సేవ్ చేసిన టెక్స్ట్‌లోంచి ఎప్పుడూ తీసేయకు, రాసినవాళ్లు కావాలనే పెట్టి ఉంటారు. 2018లో 'జ్ఞా' మధ్యలో ఈ గుర్తు పడితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో గానీ సర్దుకోలేదు. అంత పెద్ద కంపెనీ కూడా మన లిపిని సరిగ్గా టెస్ట్ చేయలేదంటే, ఆ పని మనమే పట్టించుకోవాలి.

ఫైలు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని నువ్వే రాయి, సిస్టమ్‌కు వదలకు. లైను మార్చాక రాజ్యలక్ష్మి, జ్యోత్స్న, సాఫ్ట్‌వేర్, రెండు రకాల హైదరాబాద్ టెస్టుల్లో పెట్టి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య